ఆండ్, ఆర్, నాట్: గ్రంథాలయ డేటాబేసుల్లోనూ వెబ్‌లోనూ సమాచారాన్ని వెతికే తీరు

పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై 1995లో అమెరికా పేటెంట్ కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు మంజూరు చేసింది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం భారతదేశంలో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. అయితే పేటెంటును రద్దు చేయించడానికి అందరికీ తెలుసునని చెప్పడం చాలదు, ముద్రిత ఆధారం చూపాలి. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన సంస్కృత గ్రంథాలతో పాటు 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని కూడా సాక్ష్యంగా సమర్పించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

ఆధారం ముందునుంచే ఉంది. అది వెతికేవారి చేతికి అందే చోట, వారు వాడే మాటల్లో లేదు. ఆంగ్లంలో టర్మరిక్, వృక్షశాస్త్రంలో కర్కుమా లాంగా, హిందీలో హల్దీ, సంస్కృతంలో హరిద్ర, తమిళంలో మంజళ్, తెలుగులో పసుపు. ఈ ఆరు పేర్లలో ఒక్కదానితో వెతికినవారికి తక్కిన ఐదు పేర్లతో రాసినవి కనబడకపోవచ్చు. ఈ అనుభవం తరువాత 2001లో ఆరంభమైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను ఆంగ్లం, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో పేటెంటు పరిశీలకులకు అందుబాటులోకి తెచ్చింది. ఒక వస్తువుకున్న అనేక పేర్లను ఒకే చోట చేర్చడం ఆ కృషిలో ప్రధాన భాగం. గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి చేయవలసింది కూడా చిన్న స్థాయిలో అదే. దానికి అతనికున్న పనిముట్లు మూడు చిన్న ఆంగ్ల పదాలు: ఆండ్, ఆర్, నాట్. వీటిని బూలియన్ ఆపరేటర్లంటారు.

చెప్పులు కుట్టేవాని కుమారుని బీజగణితం

ఈ పేరుకు మూలమైన జార్జి బూల్ 1815లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చెప్పులు కుట్టి జీవించేవాడు. విశ్వవిద్యాలయ విద్య లేకుండానే గణితం నేర్చుకున్న బూల్ 1849లో ఐర్లండులోని కార్క్ నగరంలో కొత్తగా తెరచిన క్వీన్స్ కళాశాలకు గణితాచార్యుడయ్యాడు. మనిషి తర్కించే పద్ధతిని కూడికలు, గుణకారాల వలె సంకేతాలతో రాయవచ్చునని 1847లో ఒక చిన్న పుస్తకంలోనూ, 1854లో ‘ఆలోచనా నియమాల పరిశోధన’ అన్న పెద్ద గ్రంథంలోనూ ప్రతిపాదించాడు. ఆయన భార్య మేరీ, భారత సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జి ఎవరెస్టు తమ్ముని కుమార్తె. హిమాలయ శిఖరానికి పెట్టిన పేరు ఆ ఎవరెస్టుదే. ఆయన 1818లో విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరి, హైదరాబాద్ ప్రాంతంలో సర్వే పనిచేస్తూ జ్వరాల పాలైన సంగతి తెలుగు పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది.

బూల్ 1864లో, నలభై తొమ్మిదేళ్ల వయసులో మరణించాడు. అప్పటికి ఆయన బీజగణితానికి ఆచరణలో ఉపయోగమేదీ కనబడలేదు. 1937లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థి క్లాడ్ షానన్, విద్యుత్ స్విచ్చులను ఈ గణితంతో వర్ణించవచ్చునని తన సిద్ధాంత వ్యాసంలో చూపాడు. కంప్యూటరు వలయాలకు అది పునాది అయింది. గ్రంథాలయాల్లోకి మాత్రం బూల్ వేరే దారిన ప్రవేశించాడు. 1950ల ఆరంభంలో మోర్టిమర్ టౌబ్ అనే అమెరికన్ గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు ప్రతి విషయ పదానికి ఒక కార్డు పెట్టి, ఆ పదం వర్తించే పత్రాల సంఖ్యలను దానిపై రాయించాడు. రెండు కార్డులను పక్కపక్కన ఉంచి రెంటిలోనూ ఉన్న సంఖ్యలను ఏరుకుంటే రెండు విషయాలకూ సంబంధించిన పత్రాలు తేలేవి. కంప్యూటరు నేటికీ చేస్తున్నది అదే, కార్డులు లేవంతే.

1964లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వైద్య వ్యాసాల సూచికను కంప్యూటరుకు ఎక్కించింది. 1971లో అది టెలిఫోను తీగల మీదుగా దూర ప్రాంతాలకు అందడం మొదలైంది. ఆ రోజుల్లో డేటాబేసుతో గడిపిన ప్రతి నిమిషానికీ రుసుము ఉండేది. కాబట్టి శిక్షణ పొందిన గ్రంథపాలకులు ప్రశ్నను ముందు కాగితం మీద రాసుకుని, సరిచూసుకుని, ఆ తరువాతే కనెక్షను తీసుకునేవారు. 1997లో పబ్‌మెడ్ పేరుతో ఆ సూచిక ప్రజలందరికీ ఉచితమైంది. రుసుము పోవడంతో కాగితం మీద రాసుకునే అలవాటు కూడా పోయింది. ఇది లాభమని పూర్తిగా చెప్పలేం.

మూడు మాటలు, వాటి తిరకాసు

ఉన్నత పాఠశాల గణితంలోని సమితుల పాఠం గుర్తున్నవారికి ఇందులో కొత్తదనం లేదు. ఆండ్ అంటే ఛేదనం, ఆర్ అంటే సమ్మేళనం, నాట్ అంటే ఒక సమితి నుంచి మరొక దానిని తీసివేయడం. ఒక కేటలాగులో ‘చేనేత’ అన్న మాటతో 400 పుస్తకాలు, ‘సహకార సంఘాలు’ అన్న మాటతో 300 పుస్తకాలు ఉన్నాయనుకుందాం. రెండు మాటలూ ఉన్నవి 40. చేనేత ఆండ్ సహకార సంఘాలు అని అడిగితే 40 వస్తాయి. ఆర్ అని అడిగితే 660 వస్తాయి; 700 కాదు, ఉమ్మడిగా ఉన్న 40 ఒక్కసారే లెక్కకు వస్తాయి. చేనేత నాట్ సహకార సంఘాలు అంటే 360.

లెక్క తేలికే. చిక్కంతా వాడుక భాషతోనే వస్తుంది. ‘నన్నయ, తిక్కనల మీద పుస్తకాలు కావాలి’ అని ఒక పాఠకుడు గ్రంథపాలకుణ్ణి అడిగితే, నన్నయ మీద ఉన్నవీ, తిక్కన మీద ఉన్నవీ, ఇద్దరి మీదా ఉన్నవీ అన్నీ తెమ్మని అర్థం. దానినే డేటాబేసులో నన్నయ ఆండ్ తిక్కన అని రాస్తే ఇద్దరినీ కలిపి చర్చించిన కొద్ది పుస్తకాలే వస్తాయి. అతనికి కావలసినది ఆర్. అలాగే ‘టీ గానీ కాఫీ గానీ ఇవ్వండి’ అంటే రెండూ ఇమ్మని ఎవరూ అనుకోరు. బూలియన్ ఆర్‌లో మాత్రం రెండూ ఉన్నది కూడా చేరుతుంది. నోటితో ‘ఇదీ అదీ’ అన్నచోట యంత్రానికి తరచుగా ఆర్ అని చెప్పవలసి రావడం కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టే విషయం.

నాట్ ఇంకా ప్రమాదకరం. గోదావరి వరదల మీద సమాచారం వెతికేవారికి 2006లో వచ్చిన ‘గోదావరి’ చలనచిత్రం వార్తలు అడ్డు వస్తాయి. నాట్ సినిమా అని చేరిస్తే జాబితా ఒక్కసారిగా శుభ్రపడుతుంది. దానితో పాటు, వరద నీరు సినిమా హాలులోకి చేరిందని రాసిన వార్త కూడా మాయమవుతుంది. అది పోయిందని వెతికేవారికి తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే తెరపై కనిపించేది మిగిలినదే. అందుచేత, అనవసరమైనవి కొన్ని వచ్చినా కంటితో ఏరివేయడమే మేలు. తీసివేయక తప్పనిచోట ఒంటి మాటను కాక స్పష్టమైన పదబంధాన్ని తీసివేయాలి.

ప్రశ్నను కట్టే పద్ధతి

కాకతీయుల చెరువుల మీద పరిశోధించే విద్యార్థిని ఉదాహరణగా తీసుకోవచ్చు. వెబ్‌లో ‘కాకతీయ చెరువులు’ అని రాస్తే 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయ వార్తలు ముందు వరుసలో నిలుస్తాయి. కాకతీయ విశ్వవిద్యాలయం కూడా మధ్యలో తలదూరుస్తుంది. ఇక్కడ చేయవలసిన మొదటి పని ప్రశ్నను భావాలుగా విడదీయడం. ఒక భావం పాలకులు, మరొకటి జలాశయాలు. రెండవ భావానికి ఎన్ని పేర్లున్నాయో చూడాలి: చెరువు, తటాకం, జలాశయం, ఆంగ్లంలో ట్యాంక్. శాసనాల్లో పెద్ద చెరువులకు సముద్రమన్న పేరు కూడా కనిపిస్తుంది. పాఖాల, రామప్ప, లక్నవరం వంటి ప్రత్యేక నామాలు వేరు. వాటి మీద వ్యాసం రాసినవారు శీర్షికలో చెరువు అన్న మాటే వాడకపోవచ్చు. ఈ పేర్లన్నిటినీ ఆర్‌తో కలిపి ఒక బ్రాకెట్టులో పెట్టాలి. పాలకుల పేర్లను మరొక బ్రాకెట్టులో పెట్టాలి. రెండు బ్రాకెట్ల నడుమ ఆండ్ ఉంచాలి.

బ్రాకెట్లు అలంకారం కాదు. పసుపు ఆర్ హల్దీ ఆండ్ గాయం అని బ్రాకెట్లు లేకుండా రాస్తే కొన్ని డేటాబేసులు ముందుగా హల్దీనీ గాయాన్నీ కలిపి, ఆ ఫలితానికి పసుపు మీద ఉన్నవన్నీ చేరుస్తాయి. వంటల పుస్తకాలతో సహా వందలకొద్దీ అనవసరపు ఫలితాలు వస్తాయి. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరుసగా చదువుకుంటూ పోతుంది. ఇంకొన్ని ఆర్‌కే ముందు స్థానమిస్తాయి. బ్రాకెట్లు పెట్టినవారికి ఈ తేడాలతో పని లేదు. పబ్‌మెడ్‌లో ఆపరేటర్లను ఆంగ్ల పెద్ద అక్షరాల్లోనే రాయాలన్నది కూడా గుర్తుంచుకోదగినది.

ఒక విషయాన్ని దాని వేర్వేరు ముఖాలుగా విడదీసి, మళ్లీ కలిపి చూడడమనే ఆలోచన భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి కొత్త కాదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ ఈ సూత్రం మీదనే నిలిచింది. పుస్తకాన్ని ముందే సిద్ధం చేసిన ఒక గదిలో పడేయకుండా, దాని విషయంలోని అంశాలను గుర్తించి సంకేతాలతో జోడించడం ఆయన పద్ధతి. బూలియన్ శోధనలో ఆ జోడింపు పాఠకుని చేతికి వచ్చింది. పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది రంగనాథన్ పంచ సూత్రాల్లో నాలుగవది. ఆయన ఆ సూత్రాలను 1931లోనే ప్రకటించాడు.

మూడు ఆపరేటర్లకు తోడు మరికొన్ని సౌకర్యాలున్నాయి. కొటేషన్ గుర్తుల నడుమ రాసిన మాటలను డేటాబేసు అదే వరుసలో వెతుకుతుంది. నియర్ అనే ఆపరేటరు రెండు మాటల మధ్య ఇన్ని పదాలకు మించి దూరం ఉండకూడదని చెప్పడానికి పనికొస్తుంది. మాట చివర నక్షత్రపు గుర్తు పెడితే ఆ మొదలుతో వచ్చే రూపాలన్నీ దొరుకుతాయి. రచయిత, శీర్షిక, విషయం అన్న గడులలో ఏదో ఒక దానికే శోధనను పరిమితం చేయవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ రాసిన పుస్తకాలు వేరు, ఆయన మీద ఇతరులు రాసినవి వేరు. మొదటివి కావాలంటే రచయిత గడిలో, రెండవవి కావాలంటే విషయం గడిలో వెతకాలి.

విషయ శీర్షికలకు ఒక ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. వైద్య డేటాబేసుల్లో గుండెపోటు మీద ఎవరు ఏ మాటతో రాసినా సూచిక తయారుచేసేవారు దానికి ఒకే ప్రామాణిక శీర్షిక తగిలిస్తారు. పబ్‌మెడ్ పాఠకుడు రాసిన మామూలు మాటను ఆ శీర్షికకు తనంతట తానే కలుపుతుంది. అయితే ఆ మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టినా, చివర నక్షత్రం చేర్చినా ఈ సాయం ఆగిపోతుంది. జాగ్రత్త కోసం పెట్టిన గుర్తే ఫలితాలను తగ్గించడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

తెలుగులో వెతికేవారి కష్టాలు

పైన చెప్పిన నియమాలు ఆంగ్లాన్ని మనసులో పెట్టుకుని పుట్టినవి. తెలుగులో విభక్తి ప్రత్యయాలు మాటకు అంటుకునే వస్తాయి. గ్రంథాలయం, గ్రంథాలయాలు, గ్రంథాలయంలో, గ్రంథాలయోద్యమం అన్నవి యంత్రానికి నాలుగు వేర్వేరు మాటలు. నక్షత్రపు గుర్తును అనుమతించే డేటాబేసులో గ్రంథాలయ అని రాసి నక్షత్రం పెడితే నాలుగూ దొరుకుతాయి. ఇల్లు, ఇంటి, ఇళ్లు అన్న వాటికి మాత్రం ఆ ఉపాయం పారదు, మాట మొదలే మారిపోతోంది కనుక. నీరు, నీటి, నీళ్లు కూడా అంతే. వాటిని ఆర్‌తో విడివిడిగా రాయక తప్పదు.

వర్ణక్రమం మరొక చిక్కు. వాఙ్మయం అన్న మాటను కొందరు వాజ్మయమనీ, మరికొందరు వాంగ్మయమనీ ముద్రించారు. రామాయణం, రామాయణము అన్న రెండు రూపాలూ కేటలాగుల్లో ఉన్నాయి. వేయిపడగలు నవల పేరును కలిపి రాసినవారూ, విడదీసి రాసినవారూ ఉన్నారు. ఇవి కంటికి కనిపించే తేడాలు. కంటికి కనిపించనివి కూడా ఉన్నాయి: సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఉండేందుకు కీబోర్డులు ఒక అదృశ్య సంకేతాన్ని చొప్పిస్తాయి. ఆ సంకేతం ఉన్న మాటనూ లేని మాటనూ కొన్ని శోధన వ్యవస్థలు వేరుగా చూస్తాయి. యూనికోడ్ వాడుకలో స్థిరపడక ముందు సొంత ఫాంట్లలో వెలువడిన తెలుగు వెబ్ పుటలైతే శోధనకు తెలుగుగానే కనబడవు.

అన్నిటికన్నా పెద్ద సమస్య రోమన్ లిపిలో నమోదైన తెలుగు పుస్తకాలది. భారత డిజిటల్ గ్రంథాలయ పథకం కింద, హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ వంటి కేంద్రాల భాగస్వామ్యంతో, వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. అమూల్యమైన కృషి అది. కానీ చాలా పుస్తకాల పేర్లు తెలుగు లిపిలో కాక ఆంగ్లాక్షరాల్లో, నమోదు చేసినవారికి తోచిన విధంగా ఎక్కాయి. దీర్ఘానికి ఒకరు ఏ అక్షరాన్ని రెండుసార్లు కొడితే మరొకరు ఒక్కసారే కొట్టారు. గురజాడలోని జా అక్షరానికి కొందరు జె వాడితే కొందరు జెడ్ వాడారు. థకారం దగ్గర హెచ్ ఉందో లేదో ఎవరూ ముందుగా చెప్పలేరు. పుస్తకం ఉండి కూడా లేనట్లే అవుతుంది. తెలుగు లిపి రూపాన్నీ, ఊహించగలిగిన రోమన్ రూపాలన్నిటినీ ఆర్‌తో కలిపి వెతకడం, రచయిత పేరు దొరకకపోతే ప్రచురణ సంవత్సరంతో ప్రయత్నించడం ఇక్కడ అనుభవజ్ఞులు పాటించే మార్గం.

ఊళ్ల పేర్లు, రాష్ట్రాల పేర్లు కాలంతో మారాయి. 1940ల పత్రికల్లో విజయవాడ కోసం వెతికేవారు బెజవాడ అని కూడా రాయాలి. కడప పాత ఆంగ్ల రికార్డుల్లో వేరే వర్ణక్రమంతో ఉంటుంది. మహబూబ్‌నగర్‌కు పాలమూరు, నిజామాబాద్‌కు ఇందూరు అన్న పేర్లున్నాయి. 2014 జూన్ 2కు ముందు ప్రభుత్వ నివేదికల్లో వరంగల్ ఆంధ్రప్రదేశ్ కిందా, 1956 నవంబరు 1కి ముందు హైదరాబాద్ రాష్ట్రం కిందా నమోదై ఉంటుంది. కోస్తా, రాయలసీమ జిల్లాల పాత లెక్కలు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు పేరుతోనే దొరుకుతాయి. కాబట్టి తెలంగాణ వ్యవసాయం ఆండ్ గణాంకాలు అన్న ప్రశ్నకు 1970ల సమాచారం చాలావరకు రాకపోతే ఆ సమాచారం లేదని కాదు. దక్షిణాసియా అంతటా ఇదే తీరు. శ్రీలంక 1972 వరకు సిలోన్, బంగ్లాదేశ్ 1971 వరకు తూర్పు పాకిస్తాన్. మయన్మార్‌ను బర్మా అనే పాత పేరుతో వెతకకపోతే 1989కి ముందు వచ్చిన సాహిత్యంలో అధిక భాగం చేజారుతుంది. వలస వెళ్లిన తెలుగువారి చరిత్ర రాసేవారికి ఈ చివరి పేరుతో పని తప్పనిసరి.

దొరికింది చాలునన్న భ్రమ

శోధన ఎంత బాగా జరిగిందో కొలవడానికి గ్రంథాలయ శాస్త్రంలో రెండు కొలమానాలున్నాయి. వచ్చిన ఫలితాల్లో పనికివచ్చేవి ఎన్నన్నది ప్రెసిషన్. పనికివచ్చే పత్రాలన్నిటిలో చేతికి వచ్చినవి ఎన్నన్నది రీకాల్. మొదటిది తెర మీదే తెలుస్తుంది. రెండవది తెలియదు, రానివి కనిపించవు కనుక.

1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం.ఇ. మారన్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని మరచిపోలేని విధంగా రుజువు చేసింది. ఒక పెద్ద దావాకు సంబంధించి సుమారు 40,000 పత్రాలు, 3,50,000 పుటలు ఐ.బి.ఎం. వారి శోధన వ్యవస్థలో ఉన్నాయి. న్యాయవాదులు శిక్షణ పొందిన సహాయకుల ద్వారా బూలియన్ ప్రశ్నలతో వెతికించారు. అవసరమైన పత్రాల్లో కనీసం 75 శాతం తమకు చేరాయని వారు విశ్వసించారు. నిజానికి చేరినవి సగటున 20 శాతం. దావా ఒక ప్రమాదం చుట్టూ నడిచింది. ఒక పక్షంవారు తమ ఉత్తరాల్లో దానిని ప్రమాదమన్నారు, ఎదుటి పక్షంవారు సంఘటన అనీ, పరిస్థితి అనీ, ఇబ్బంది అనీ రాసుకున్నారు. ప్రమాదమన్న మాటతో వెతికితే ఆ ఉత్తరాలు ఎలా దొరుకుతాయి? తప్పు చేసినవారు దాన్ని మెత్తని మాటతోనే చెబుతారన్నది పత్రికా విలేకరులు, సమాచార హక్కు కార్యకర్తలు కూడా గుర్తుంచుకోదగిన సంగతి.

ప్రశ్న ఎంత చక్కగా రాసినా, డేటాబేసులో లేనిది రాదు. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద జరిగిన ఒక ప్రయోగంలో హెక్సామెథోనియం అనే రసాయనాన్ని పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలైన స్వచ్ఛంద సేవకురాలు ఊపిరితిత్తులు దెబ్బతిని మరణించింది. ఆ రసాయనం ఊపిరితిత్తులకు హాని చేయవచ్చునని 1950ల నాటి వైద్య వ్యాసాలు చెప్పాయి. ప్రయోగానికి ముందు పరిశోధకుడు పబ్‌మెడ్‌లో వెతికాడు. ఆనాటికి పబ్‌మెడ్ శోధన 1966కు వెనక్కు వెళ్లేది కాదు. అంతకు ముందరి ముద్రిత సూచికలు గ్రంథాలయాల అరల్లో ఉన్నాయి. ఏ డేటాబేసునైనా వాడే ముందు అది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏయే భాషల్లోని పత్రికలను చేర్చుకుందో చదవడం ఆ సంఘటన తరువాత వైద్య గ్రంథపాలకులు గట్టిగా చెబుతూ వస్తున్న మాట.

వెబ్‌లో నియమాలు వేరు

గూగుల్ వంటి శోధన యంత్రాలు పాత అర్థంలో బూలియన్ వ్యవస్థలు కావు. పక్కపక్కన రాసిన మాటలను అవి ఆండ్‌తో కలిపినట్లే మొదట భావించినా, ఫలితాలను తమ సొంత అంచనాతో పేరుస్తాయి. రాసిన మాటకు బదులు దాని పర్యాయపదాన్ని కూడా వెతుకుతాయి, ఒక్కోసారి ఒక మాటను వదిలేస్తాయి. గూగుల్‌లో ఆర్‌ను ఆంగ్ల పెద్ద అక్షరాల్లో రాయాలి. నాట్ అన్న మాట అక్కడ పనిచేయదు. తీసివేయదలచిన మాటకు ముందు ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెట్టాలి. మాట తప్పనిసరిగా ఉండాలని చెప్పే ప్లస్ గుర్తును 2011లో తొలగించారు, ఆ పనిని ఇప్పుడు కొటేషన్ గుర్తులు చేస్తున్నాయి. సైట్ అని రాసి కోలన్ పెట్టి ఒక చిరునామా ఇస్తే ఆ వెబ్‌సైటులోనే వెతుకుతుంది. ప్రభుత్వ ఉత్తర్వుల కోసం జీఓవీ డాట్ ఇన్ అని చేర్చడం, నివేదికల కోసం ఫైల్‌టైప్ కోలన్ పీడీఎఫ్ అని రాయడం విలేకరులకు నిత్యావసరాలు. 2019 నుంచి బిఫోర్, ఆఫ్టర్ అన్న మాటల తరువాత కోలన్, తేదీ ఇచ్చి కాలాన్ని కూడా పరిమితం చేయవచ్చు. వదంతి ఎప్పుడు పుట్టిందో తెలుసుకోవడానికి ఇది చాలా ఉపయోగపడుతుంది.

గూగుల్ చూపే ఫలితాల సంఖ్యను మాత్రం నమ్మరాదు. అది అంచనా మాత్రమే. ఫలానా మాటకు లక్ష ఫలితాలున్నాయని వ్యాసాల్లో సాక్ష్యంగా రాయడం తగదు.

సహజ భాషలో అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక బూలియన్ పద్ధతికి కాలం చెల్లిందనే అభిప్రాయం వినిపిస్తోంది. ఒక ఊరి చరిత్రో, ఒక మాట అర్థమో తెలుసుకోవడానికి అది నిజమే కావచ్చు. అయితే ఒక మందు మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కూర్చి సమీక్షించేవారు తాము ఏ డేటాబేసులో, ఏ తేదీన, ఏ ప్రశ్నతో వెతికారో అక్షరం పొల్లుపోకుండా ప్రకటించవలసి ఉంటుంది. దానిని మరొకరు మళ్లీ నడిపి సరిచూడగలగాలి. బూలియన్ ప్రశ్నకు ఆ గుణం ఉంది. ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో చెప్పగలిగే శోధన అది.

భారతదేశంలో ఈ నైపుణ్యానికి అవసరం పెరుగుతోంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధగంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018లో జాతికి అంకితమైంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయల వ్యయంతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వస్తున్నాయి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి ఇంతకు ముందు ఊహకందని సంపద ఇది. ఆ ప్రచురణకర్తల్లో చాలామందికి తమ సొంత శోధన వేదికలున్నాయి, వాటి నియమాలు ఒకదానితో ఒకటి కలవవు. నియర్ ఆపరేటరును ఒకచోట ఒక విధంగా, మరొకచోట ఇంకొక విధంగా రాయాలి. నక్షత్రం ఒకచోట ఎన్ని అక్షరాలకైనా, మరొకచోట ఒక్క అక్షరానికే వర్తిస్తుంది. ప్రతి వేదికలోనూ సహాయం అన్న పుటలో ఆ వివరాలుంటాయి. ఖాతా తెరచిన పాఠకులు తమ ప్రశ్నను అక్కడే దాచుకోవచ్చు. చాలా వేదికల్లో ఆ ప్రశ్నకు సరిపడే కొత్త వ్యాసం చేరినప్పుడల్లా ఈమెయిల్ వచ్చే ఏర్పాటు ఉంది. కళాశాల గ్రంథపాలకుణ్ణి అడిగితే మొదటి ప్రశ్నను రాయడంలో ఆయన సాయపడతారు.